తీగ కొస మీది పొర

నా గుండెలో ఒక తీగ ఉంది. ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెకంటే కొంచెం పలచటి పెట్టె ఒకటి పెట్టారు. దాన్నుంచి బయలుదేరిన తీగ రక్తనాళం వెంట దిగి, గుండె కుడివైపు కింది గదిలోకి వెళ్ళి, దాని గోడకు చిన్న మరలా బిగుసుకుని ఉంటుంది. నా గుండె సొంతంగా నిమిషానికి ముప్పై, ముప్పై అయిదు సార్లకు మించి కొట్టుకోదు. నేను లేచి నిలబడాలన్నా, నాలుగడుగులు వేయాలన్నా కావలసినన్ని దెబ్బలు కొట్టించేది ఆ తీగే. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. సిగ్గుపడాల్సిన పని ఆ తర్వాత చేశాను.

సూర్యాపేటలో హైస్కూలు సైన్సు టీచరుగా రిటైరయ్యాను. పాఠం చెప్పింది ఎంతో, సభల్లో మాట్లాడింది అంతకంటే ఎక్కువ. ముహూర్తాలు, దిష్టిబొమ్మలు, వాస్తు కోసం పడగొట్టి మళ్ళీ కట్టిన గోడలు, పాముకాటుకు మంత్రం వేయించుకుని పోయిన ప్రాణాలు... వీటి మీద నేను మాట్లాడని ఊరు ఈ చుట్టుపక్కల తక్కువ. మా పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో, ఆషాఢంలో, మధ్యాహ్నం పన్నెండు దాటాక జరిగింది. కావాలనే రాహుకాలం చూసి పెట్టుకున్నామని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. "గొప్ప నువ్వు చెప్పుకున్నవ్, ఎండల నిలబడ్డది నేను" అని నా భార్య ఇప్పటికీ అంటుంది.

మా డాక్టరు మిర్యాలగూడ ఆయన. ఆపరేషన్ హైదరాబాదులో చేసి, తర్వాతి పరీక్షలు తన ఊళ్ళోనే చేస్తాడు. డిశ్చార్జి చేసేటప్పుడు మంచం పక్కన కూర్చుని చెప్పాడు.

"సార్, మీరు సైన్సు చెప్పినోళ్ళు, మీకు విప్పి చెప్పొచ్చు. కాల్ల తుమ్మముల్లు ఇరిగితే ఏమయితది? మొదలు చుట్టూ వాస్తది. తర్వాత గట్టిపడతది. గుండె గూడ అంతే. మనం మంచికే పెట్టినమని దానికి తెల్వదు. దానికి ఇది ముల్లే."

తీగ కొస గుచ్చుకున్న చోట గుండె కండరం దాన్ని గాయంగానే లెక్కిస్తుంది. రక్తంలోని కణాలు వచ్చి మూగుతాయి, అక్కడ వాపు వస్తుంది. కొన్నాళ్ళకు మచ్చలాంటి పొర ఒకటి కొస చుట్టూ అల్లుకుంటుంది. ఆ పొరకు కరెంటు తగిలినా స్పందన ఉండదు, ఎందుకంటే అది కొట్టుకునే కండరం కాదు. కరెంటు దాన్ని దాటి అవతలి కండరాన్ని తట్టాలి. అందుకని మొదటి రోజు సరిపోయిన కరెంటు మూడో వారానికో నాలుగో వారానికో చాలకపోవచ్చు. తర్వాత వాపు దిగుతుంది, పొర పలచబడి నిలిచిపోతుంది, కావలసిన కరెంటు ఒక చోట స్థిరపడుతుంది. వాపు తక్కువగా ఉండాలని తీగ కొసలోనే వాపు తగ్గించే మందు పెడతారు. అది వారాల తరబడి మెల్లగా కరుగుతూ ఉంటుంది.

"ఈ మందు వచ్చినంక చానా మందికి ఏ బాధా ఉండదు. కని ఒక్కొక్కల ఒళ్ళు ఒక్కో తీరు. నెల రోజులకు ఆదివారం తప్పకుండ రావాలె. చెయ్యి భుజం పైకి లేపొద్దు. కళ్ళు తిరిగితే ఆ రోజు కోసం చూడొద్దు, అప్పుడే రావాలె" అన్నాడు డాక్టరు.

ఈ వివరణ నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చాక పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాను. బత్తాయిలు తెచ్చినవాళ్ళకు చెప్పాను, బ్రెడ్డు తెచ్చినవాళ్ళకు చెప్పాను. చెప్పినవాటిలో "చెయ్యి లేపొద్దు" వరకు బాగా చెప్పేవాణ్ణి. "కళ్ళు తిరిగితే అప్పుడే రావాలె" అన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాఠానికి అది అక్కర్లేదనిపించింది కాబోలు.

పరామర్శకు వచ్చినవాళ్ళు ఊరికే రారు, కారణం కూడా వెంట తెస్తారు. నాతో పనిచేసిన లెక్కల సారు ఒకాయన కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"ఎంతమంది దేవుళ్ళను తిట్టినవ్ రా! అంతమందిల ఒక్కడన్న గుండె మీద కొట్టకుంట ఊకుంటడా?"

"కొట్టింది దేవుడైతే మళ్ళ కొట్టిస్తున్నది బ్యాటరీ. ఇద్దర్ల ఎవలు గట్టోళ్ళు?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "సారు అట్లనే అంటరు తియ్" అంది గేటు దగ్గర నిలబడ్డ ఇస్త్రీ చెల్లె.

ఇస్త్రీ చెల్లె అంటే మా గేటు ఎదురుగా రేకు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ. పుట్టిల్లు పెన్‌పహాడ్. పన్నెండేళ్ళుగా మా బట్టలు ఆమె చేతి మీదుగానే వస్తున్నాయి. శ్రావణంలో ముత్యాలమ్మకు మా వీధి నుంచి మొదటి బోనం ఆమెదే. నేను బోనం మీద, మేకపోతు మీద, పూనకం మీద ఎన్నిసార్లు మాట్లాడినా ఆమె బొగ్గులు ఊదుకుంటూ విని, చివరికి ఆ ఒక్క మాట అనేది. సారు అట్లనే అంటరు.

ఆ మాట నేను ఈ జిల్లా అంతటా విన్నాను. మొదట్లో మా హేతువాదుల సభల మీద రాళ్ళు పడేవి. ఒకసారి మైకు తీగ తెంపారు. అప్పుడు మేము ఎక్కడో తగిలామని తెలిసేది. తర్వాత రాళ్ళు ఆగిపోయాయి. శాలువాలు వచ్చాయి, పూలదండలు వచ్చాయి, వేదిక మీద కుర్చీ వచ్చింది. దేవుడి కల్యాణానికి చందా రాసినాయనే మా సభకూ చందా రాసి, ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టి, సారు అట్లనే అంటరు అని ఇంటికి వెళ్ళేవాడు. మమ్మల్ని ఎవరూ పీకి పారేయలేదు. మా చుట్టూ ఒక పొర కట్టుకుని, మమ్మల్ని ఉన్నచోటనే ఉంచారు. మంచం మీద పడుకుని డాక్టరు మాటలు నెమరేసుకుంటుంటే నాకు ఈ పోలిక తట్టింది. తట్టినప్పుడు సంతోషం కలగలేదు, అలసట కలిగింది. ఇంకా ఎంత గట్టిగా అరవాలి అనిపించింది.

మూడో వారంలో కోదాడలో సభ. వెళ్ళొద్దని నా భార్య చెప్పింది. కూర్చునే మాట్లాడతానని ఒప్పించి వెళ్ళాను. ఒక ప్రైవేటు బడి హాలు, నిండా పిల్లలు, చెమటలు కారే ఉక్కపోత. కూర్చుని మొదలుపెట్టినవాణ్ణి పది నిమిషాలకు లేచి నిలబడ్డాను. జాతకాల గురించి చెబుతూ ఒక వాక్యం మధ్యలో ఉండగా హాలు అంతా ఒక్కసారి వెనక్కి జరిగినట్టయింది. మాటలు వినిపిస్తున్నాయి, అవి నావో కావో తెలియలేదు. రెండు క్షణాలే. బల్ల పట్టుకుని నిలబడ్డాను.

సభ పెట్టిన హెడ్మాస్టరు పరుగున వచ్చాడు. "మాస్టారూ, కూర్చోండి ముందు. మొహం తెల్లగా పాలిపోయిందండీ. నీళ్ళు తాగండి."

"ఉక్కపోత."

"మాకు లేదా అండీ ఉక్క? ఆసుపత్రికి వెళ్దాం, బండి ఇక్కడే ఉంది."

"పిల్లలు కూర్చున్నారు. ముగించి వెళ్దాం."

ముగించాను. చప్పట్లు కొట్టారు. ఆసుపత్రి మాట దాటవేసి, తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని మనసులో పాఠం అప్పజెప్పుకున్నాను. మూడో వారం, వాపు ఎక్కువగా ఉండే కాలం, పొర గట్టిపడుతోంది, దానంతట అదే దిగుతుంది. కారణం తెలిసింది కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. కారణం తెలియడం వేరు, కరెంటు సరిపోవడం వేరు. పిల్లలు ఇదే తప్పు పరీక్షలో రాస్తే మార్కులు కోసేవాణ్ణి. ఇంటికొచ్చి సభ బాగా జరిగిందని చెప్పాను. తక్కిన సంగతి చెప్పలేదు.

నెల రోజుల ఆదివారం దగ్గరికి వచ్చింది. ఆ ఆదివారమే మా వీధిలో ముత్యాలమ్మ బోనాలు.

ఈ సంగతి శుక్రవారం, డప్పులవాళ్ళతో మాట్లాడటానికి వీధి పెద్దలు పోగైనప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమంతా నాకు ఒకటే దృశ్యం. పొద్దున్నే గేటు ముందు కారు ఆగుతుంది. వీధంతా వేపాకు తోరణాలు. నా భార్య నా రెక్క పట్టుకుని కారెక్కిస్తుంది. బిందెలకు పసుపు రాస్తున్న ఆడవాళ్ళు చేతులాపి చూస్తారు. అమ్మవారి దినమే సారును దవాఖానకు తోలుకపోయిన్రు. ఆ మాట సాయంత్రానికి మార్కెట్ యార్డుకు చేరుతుంది, మర్నాటికి వేములపల్లి దాకా పోతుంది. అందరికంటే ముందు ఇస్త్రీ చెల్లె బొగ్గులు ఊదుతూ ఏమంటుందో కూడా నాకు వినబడింది. "నేను చెప్పలేదా సార్, ఆమెతోటి పెట్టుకోవద్దని!"

డాక్టరు ఆసుపత్రికి నేనే ఫోన్ చేశాను. ఈ ఆదివారం వీలుకాదు, పై ఆదివారం వస్తానన్నాను. బాధ ఏమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను.

నా భార్య తలుపు దగ్గర నిలబడి వింది. "ఎందుకు వీలుకాదు? ఏం పని ఉన్నది నీకు?"

"వారంల ఏమయితది? ఆ రోజు వీధంతా రద్దీ, కారు పోదు."

"ఎనక సందు లేదా?" తలుపు వదిలి దగ్గరికి వచ్చింది. తర్వాత అంది. "పండుగ అని ఆపినవ్ గదా?"

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"మా అమ్మ మంగళారం బయటికి పోవద్దంటే ఎన్ని మాటలన్నవ్ ఆమెను! సచ్చేదాక ఆమె నీతోటి సరిగ మాట్లాడలే. ఇప్పుడు నువ్వు గూడ దినం సూస్తున్నవ్."

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? ఆమె దేవునికి భయపడ్డది. నువ్వు బోనమెత్తేటోళ్ళకు భయపడుతున్నవ్. ఇద్దరూ ఇంట్లనే కూసున్నరు."

నలభై ఏళ్ళ వాదాల్లో నన్ను ఇంత తక్కువ మాటల్లో ఎవరూ పడగొట్టలేదు. అయినా నేను ఓడినట్టు ఒప్పుకోలేదు. అలసిపోయానని చెప్పి పడుకున్నాను. అది మాత్రం నిజం.

ఆదివారం డప్పులు వీధి మొదట్లో వినబడగానే గేటు దగ్గరికి వెళ్ళాను. నేను బాగున్నానని నలుగురూ చూడాలి. పండుగ పూట నేను గుండ్రాయిలా నిలబడి ఉండటం కూడా ఒక ఉపన్యాసమే అనుకున్నాను. ముందు ఇస్త్రీ చెల్లె. పసుపు చీర, తల మీద బోనం, దాని మీద వెలుగుతున్న దీపం. నన్ను చూసి మెడ కదలకుండా కళ్ళతోనే పలకరించింది. నేను నవ్వాను. డప్పు దెబ్బ ఒకటి చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. తర్వాతిది వినిపించలేదు.

మళ్ళీ వినిపించేసరికి మోకాళ్ళ మీద ఉన్నాను. గేటు చువ్వకు నుదురు తగిలింది. రెండు చేతులతో చువ్వలు పట్టుకుని ఉన్నాను. ఎడమ చెయ్యి భుజం పైకి లేచి ఉంది. ఊరేగింపు కొంచెం ముందుకు కదిలింది. ఇస్త్రీ చెల్లె ఒక్కతే, బోనంతో తల తిప్పలేక మనిషంతా తిరిగి నావైపు చూస్తోంది. నేను లేచి, చెప్పు జారిందన్నట్టు చెప్పు సర్దుకున్నాను. చేయి ఊపాను. ఆమె కాసేపు అలాగే నిలబడి, వెనకవాళ్ళు తోసుకొస్తుంటే వెళ్ళిపోయింది.

రెండు రోజులు నేను గేటువైపు పోలేదు.  మంగళవారం పొద్దున ఇస్త్రీ బట్టల కోసం వెళ్ళిన నా భార్య ఖాళీ చేతులతో తిరిగొచ్చి, నా జుట్టు పైకెత్తి నుదుటి మీది దెబ్బ చూసింది.

"గేటు కాడ పడ్డవంట."

"ఎవరు చెప్పిన్రు?"

ఆమె ఫోన్ తీసి డాక్టరుకు చేసింది. అవతల ఆయన ఏమన్నాడో గాని, ఫోన్ పెట్టేసి "లే. కారు పిలిచిన" అంది.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ ఎంతో దూరం కాదు. ఆ రోజు చాలా దూరమనిపించింది.  వేములపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా నాట్లు పడ్డ పొలాలు, నీళ్ళలో నిలబడ్డ ఆడవాళ్ళ వంగిన వీపులు. మిర్యాలగూడలో మిల్లుల దగ్గర ఊక వాసన వచ్చింది. నా ఇరవయ్యో ఏట ఈ ఊళ్ళోనే, ఒక వడ్ల గోదాము మీది గదిలో వాదం నేర్చుకున్నాను. ప్రతి శనివారం వాద సభ. నేర్పింది ఒక ముసలి వకీలు. ఆయన పెట్టిన నియమం ఒకటే. నీ మాట చెప్పేముందు ఎదుటివాడి మాట నువ్వే చెప్పాలి. అది విని ఎదుటివాడు "అవును, నేను అనేది అదే" అని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నువ్వు కూర్చోవాలి, మాట్లాడే హక్కు లేదు. గోదాము ఇప్పుడు లేదు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మౌస్‌లాంటి వస్తువొకటి చొక్కా మీంచే పెట్టె దగ్గర ఆనించాడు. పక్కన తెర మీద గీతలు కదిలాయి.

"ఇటు చూడండి సార్. ఈ నిలువు గీత మన తీగ కొట్టిన దెబ్బ. దాని ఎనక గుండె లేవాలె. లేచింది. మళ్ళ గీత, లేచింది. ఇగో, ఇక్కడ చూడండి. గీత ఉన్నది. ఎనక ఏం లేదు."

చూశాను. తీగ కొట్టింది, గుండె పలకలేదు. రెండోసారీ పలకలేదు. మూడోసారి ఆలస్యంగా, సొంతంగా, నీరసంగా ఒకసారి లేచింది. నేను కోదాడ హాల్లో మాట్లాడుతున్నది ఆ ఖాళీలోనే. గేటు దగ్గర నిలబడి నవ్వింది ఆ ఖాళీలోనే. కొంచెం పొడుగు ఖాళీ అయితే ఈ రాత లేదు.

ఎక్స్‌రే తీశారు. తీగ జరగలేదు, పెట్టినచోటే ఉంది. డాక్టరు కరెంటు పెంచాడు. నిలువు గీత వెనక గుండె, నిలువు గీత వెనక గుండె. ఒక్కటీ తప్పలేదు. ఆ మార్పు ఛాతీలో కాదు, చేతుల వేళ్ళలో తెలిసింది. వెచ్చబడ్డాయి.

"మీ ఒళ్ళు జర ఎక్కువ కోపం చేసింది సార్. పొర మందంగ వచ్చినట్టుంది. ఇగ దిగుతది. దిగకపోతే అప్పుడు చూద్దాం."

"ఒంటికి కోపం ఉండదు డాక్టరు గారూ. అది దాని పని అది చేసింది."

"దాని పని అది చేసింది. నా పని నేను చేసిన. మీ పని మీరు చెయ్యలే." ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. "గీ పరీక్ష నెలకు పెట్టేదే గీ పొర కోసం సార్. ఆదివారం ఎందుకు రాలే?"

నా భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ జవాబు నాకే వదిలింది.

"వీధిల పండుగ ఉండె" అన్నాను.

"మీరు గూడ పండుగ చేస్తరా సార్?" డాక్టరు నిజంగానే అడిగాడు.

ఈ తీగను ఇక ఎప్పుడూ తియ్యరట. పదేళ్ళకో ఎప్పుడో బ్యాటరీ అయిపోతే పెట్టె మారుస్తారు, తీగ అదే. పొర దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే లాగితే గుండె గోడే చిరగొచ్చు. మొదటి నెలలో గొడవపడ్డ పొరే తర్వాత దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుందన్నాడు. ఊరి పొర గురించి నేను అల్లుకున్న పోలికకు ఈ సంగతి ఎక్కడ అతుకుతుందో కారులో వస్తూ ఆలోచించాను. తేలలేదు. ఓపికా లేదు.

ఇంటి ముందు దిగగానే నేను లోపలికి పోలేదు. ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళాను. ఇస్త్రీ చెల్లె చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి స్టూలు ముందుకు తోసింది.

"కూసో సార్. ఏమన్నడు డాక్టరు?"

"చెల్లె, ఆదివారం నేను చెప్పు జారి పడలే. గుండె ఆగి పడ్డ."

"తెలుసు. చెప్పు జారితే మొఖం అట్లుంటదా?"

"అంతకుముందే పరీక్షకు రమ్మన్నరు, అదే దినం. నేనే పోలే. అమ్మవారి దినం సారును దవాఖానకు తీస్కపోయిన్రు అని మీరంత అంటరని."

"ఎవలంటరు?"

"నువ్వే అంటవని."

ఆమె ముందు నవ్వింది, తర్వాత ఆ నవ్వు పోయింది. "నేను ఎప్పుడన్న అన్ననా సార్ అట్ల? పన్నెండేండ్లల ఒక్కసారన్న?"

ఎంత వెతికినా దొరకలేదు. సారు అట్లనే అంటరు అనడం తప్ప ఆమె నన్ను ఏమీ అనలేదు.

"పోయినేడు పండుగనాడే మా ఇంటాయనకు ఛాతిల నొప్పొచ్చింది. బోనం నెత్తి మీద ఉన్నది నాకు. ఏం జేసిన? కోడలి నెత్తి మీద పెట్టి 108ల కూసున్న. అమ్మవారు ఏడికి పోతది సార్? వచ్చే ఏడు గూడ గీడనే ఉంటది."

వకీలు బతికి ఉంటే నన్ను కూర్చోమనేవాడు. ఎదుటి మనిషి మాట నేనే తయారుచేసి, ఆమె నోట్లో పెట్టి, దానికి భయపడి, దాదాపు ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. అడిగింది ఒక్కసారీ లేదు. రేకు కింద స్టూలు మీద నేను ఎలాగూ కూర్చునే ఉన్నాను.

"మా ఆమెకు నువ్వే చెప్పినవా?"

"ఇంకెవలు చెప్తరు? ఆదివారం చెప్దామంటే ఇంటినిండ సుట్టాలు. సోమారం బండి పెట్టలే. మంగళారం పొద్దుగాల చెప్పిన." ఆమె చొక్కాలు దొంతి పెట్టి నా చేతికిచ్చింది, కుడిచేతికి. "మళ్ళ ఎప్పుడు రమ్మన్నరు?"

"రెండు నెలలకు. ఆదివారం."

ఆమె పెట్టెలోకి బొగ్గులు వేస్తూ, తల ఎత్తకుండా అంది. "ముందే క్యాలెండర్ సూస్కో సార్. దసర గిట్ల అడ్డమొస్తదేమో."

లోపలి నుంచి నా భార్య నవ్వు వినిపించింది. ఆ నెలంతటిలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.  చొక్కాలు తీసుకుని, మెల్లగా రోడ్డు దాటి ఇంట్లోకి వచ్చాను.